జ్వరం తగ్గింది, మళ్ళీ పరుగు ఎప్పుడు?

వైరల్ జ్వరం వచ్చి తగ్గాక వ్యాయామం ఎప్పుడు మొదలుపెట్టాలని ఎవరినైనా అడగండి, రెండు రకాల సలహాలు వస్తాయి. బాగా చెమట పట్టించు, లోపలున్నదంతా పోతుంది అనేవాళ్ళు కొందరు. నెల రోజులు కదలకుండా పడుకో అనేవాళ్ళు ఇంకొందరు. ఇద్దరూ సొంత అనుభవం నుంచే చెబుతారు, నమ్మకంగానే చెబుతారు, వినేవాళ్ళకే టెన్షన్. చిత్రం ఏమిటంటే ఈ రెండు సలహాలూ కొందరికి పనిచేస్తాయి, ఇంకొందరిని దెబ్బతీస్తాయి. ఎందుకంటే జ్వరం తర్వాత వచ్చే నీరసానికి కారణం ఒక్కటి కాదు. కనీసం మూడు ఉన్నాయి. మొదటిదానికి వ్యాయామమే మందు. రెండోదానికి కావలసింది సమయం. మూడోది ఉన్నప్పుడు పట్టుదలగా వ్యాయామం చేస్తే జబ్బును చేతులారా పెంచుకున్నట్టే. బయటికి మాత్రం మూడూ ఒకేలా ఉంటాయి: మెట్లెక్కితే ఆయాసం, కాళ్ళు లాగడం, ఏ పని మీదా మనసు లేకపోవడం.

ఈ మూడింటినీ విడదీసి చూసుకోవడం వస్తే మిగతాదంతా తేలిక.

పడుకోవడం వల్ల పోయేది

1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఐదుగురు ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళను ఇరవై రోజులపాటు మంచం మీదే ఉంచి ఒక ప్రయోగం చేశారు. వాళ్ళకు జ్వరం లేదు, జబ్బు లేదు, ఊరికే పడుకున్నారంతే. ఇరవై రోజుల తర్వాత కొలిచి చూస్తే, కష్టపడేటప్పుడు శరీరం గరిష్ఠంగా వాడుకోగలిగే ఆక్సిజన్ (వీఓటూ మాక్స్ అంటారు, స్టామినాకు నమ్మదగిన కొలత ఇదే) సగటున నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ళ తర్వాత, యాభై దాటాక, అదే ఐదుగురిని మళ్ళీ పరీక్షించారు. ముప్పై ఏళ్ళ వయసు చేసిన నష్టం కంటే అప్పటి మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. ఈ కథలో మనకు పనికొచ్చే ముక్క ఇంకొకటుంది, దాన్ని చాలామంది చెప్పకుండా వదిలేస్తారు: 1966లో మంచం దిగాక సుమారు రెండు నెలల ట్రైనింగ్‌తో వాళ్ళకు పోయిందంతా తిరిగి వచ్చేసింది.

పడుకుంటే ముందుగా తగ్గేది కండ కాదు, రక్తంలోని నీటి భాగం. రెండు మూడు రోజులకే ప్లాస్మా పరిమాణం పడిపోతుంది. దానికి తోడు జ్వరంలో చెమట, సరిగ్గా తాగకపోవడం, తినకపోవడం. రక్తం తగ్గితే గుండె ఒక్కో దెబ్బకు పంపేది తగ్గుతుంది, ఆ లోటు పూడ్చుకోవడానికి ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. జ్వరం తగ్గిన మర్నాడు స్నానానికి వెళ్ళొస్తేనే గుండె దడదడలాడటం చాలావరకు ఇందుకే. ఇది లేచి తిరగడం, నీళ్ళు, ఉప్పు, మామూలు తిండితో తొందరగానే సర్దుకుంటుంది. కండ నెమ్మదిగా కరుగుతుంది, రావడం కూడా నెమ్మదే. జ్వరంలో ఉన్న శరీరం కండలోని ప్రొటీన్‌ను విడగొట్టి రోగనిరోధక వ్యవస్థకు వాడుకుంటుంది కాబట్టి, ఊరికే పడుకున్నప్పటి కంటే జబ్బుతో పడుకున్నప్పుడు నష్టం కొంచెం ఎక్కువ. అయినా ఐదు రోజుల జ్వరానికి కండలన్నీ పోయాయని అద్దం ముందు నిలబడి బెంగపడటం అనవసరం. వారం రోజుల్లో పోయినట్టు కనిపించేది చాలావరకు నీరూ, కండల్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థమూ.

ఈ మొదటి రకం నీరసానికి గుర్తు ఏమిటంటే, కదిలేకొద్దీ బాగుపడుతుంది. ఈ రోజు పది నిమిషాలు నడిస్తే రేపు పన్నెండు నిమిషాలు తేలిగ్గా నడవగలుగుతారు. చెమట పట్టించమనే వాళ్ళు చూసింది వీళ్ళనే.

జ్వరం పోయింది, జబ్బు పోలేదు

రెండో రకంలో శరీరం లోపల పని ఇంకా నడుస్తూ ఉంటుంది. థర్మామీటరులో 98.6 కనిపించగానే యుద్ధం ముగిసిందనుకుంటాం, కానీ వాపు చల్లారడానికి ఇంకా రోజులో వారాలో పట్టవచ్చు. ఏ వైరస్ అన్నదాన్ని బట్టి ఎక్కడ జాగ్రత్తపడాలో మారుతుంది, అందుకే 'వైరల్ ఫీవర్ తర్వాత ఇన్ని రోజులు ఆగాలి' అని అందరికీ కలిపి ఒకే అంకె చెప్పేవాళ్ళను నేను పెద్దగా నమ్మను.

అన్నిటికంటే భయపడవలసింది గుండె కండరానికి వచ్చే వాపు, మయోకార్డైటిస్. కాక్సాకీ, అడినో వైరస్‌లు, పార్వో బీ19, ఫ్లూ, కోవిడ్ ఇలా చాలా వైరస్‌లు దీన్ని తేగలవు. అరుదైనదే. అయితే దీనికీ కష్టమైన వ్యాయామానికీ మధ్య ఉన్న సంబంధం మాత్రం చాలా చెడ్డది. 1970లో ప్రచురించిన ఒక ప్రయోగంలో కాక్సాకీ వైరస్ సోకిన ఎలుకల చేత బలవంతంగా ఈత కొట్టించారు. ఊరికే వదిలేసిన ఎలుకలతో పోలిస్తే వీటి గుండెల్లో వైరస్ విపరీతంగా పెరిగింది, చనిపోయినవి కూడా చాలా ఎక్కువ. ఎలుకల్లో జరిగింది మనుషుల్లో అచ్చం అలాగే జరుగుతుందని కాదు, కానీ యువ క్రీడాకారుల ఆకస్మిక మరణాల వెనక మయోకార్డైటిస్ ఒక కారణమని తెలుసు కాబట్టి ఈ విషయంలో డాక్టర్లు అస్సలు రాజీపడరు. అది ఉందని తేలితే కష్టమైన వ్యాయామానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు సెలవు. ఛాతీలో నొప్పి లేదా బిగుతు, చేసిన పనికి పొంతన లేని ఆయాసం, గుండె లయ తప్పి కొట్టుకోవడం, స్పృహ తప్పడం లేదా తప్పబోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 'కొంచెం నడిచి చూద్దాం' అనే ప్రయోగాలు వద్దు. ముందు డాక్టరు, ఈసీజీ, అవసరమైతే ట్రొపోనిన్ అనే రక్తపరీక్ష, ఎకో. ఆ తర్వాతే నడక.

గ్రంథుల జ్వరం, అంటే ఎప్‌స్టీన్-బార్ వైరస్ తెచ్చే మోనోన్యూక్లియోసిస్ వచ్చినవాళ్ళకు ప్లీహం (కడుపులో ఎడమవైపు పైన ఉండే స్ప్లీన్) వాస్తుంది. ఉబ్బిన ప్లీహానికి దెబ్బ తగిలినా, గట్టిగా ముక్కి బరువెత్తినా చిట్లే ప్రమాదం ఉంది, అది కూడా ఎక్కువగా మొదటి మూడు నాలుగు వారాల్లోనే. అందుకని జబ్బు మొదలైన దగ్గర్నుంచి కనీసం మూడు వారాలు బరువులూ, ఒకరినొకరు ఢీకొట్టుకునే ఆటలూ మానేయాలి, ఒంట్లో ఎంత హుషారుగా ఉన్నా సరే.

డెంగీది ఇంకో రకం మోసం. అందులో అసలు ప్రమాదకరమైన దశ జ్వరం తగ్గేటప్పుడే మొదలవుతుంది, సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య. హమ్మయ్య తగ్గిందని లేచి షూ వేసుకునే సమయం అస్సలు కాదు. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం వస్తే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆ తర్వాత కూడా ప్లేట్‌లెట్లు మామూలు స్థాయికి వచ్చేదాకా పడే, తగిలే, దెబ్బలు తినే ఆటలు వద్దు. ఒళ్ళు నొప్పులకని ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి వేసుకోవడం డెంగీలో రక్తస్రావాన్ని పెంచుతుంది. చికున్‌గున్యాలో బాధంతా కీళ్ళది, నెలల తరబడి ఉండొచ్చు. అక్కడ పరుగు కంటే ఈత, సైకిలు, కీళ్ళను నెమ్మదిగా పూర్తిగా కదిలించడం మేలు.

ఊపిరితిత్తుల సంగతి కూడా చెప్పుకోవాలి. మామూలు జలుబు తర్వాత కూడా శ్వాసనాళాలు కొన్ని వారాలపాటు అతిగా స్పందిస్తాయి. వైరస్ పోయినా దగ్గు మూడు నుంచి ఎనిమిది వారాలు ఉండటం అసాధారణం కాదు. చల్లగాలిలో, పొడిగాలిలో వేగంగా పరిగెడితే దగ్గు తెరలు తెరలుగా రావడం దీనివల్లే. ముక్కుతో పీలుస్తూ చేయగలిగే వేగంతో మొదలుపెట్టి, వార్మప్‌కు మామూలు కంటే ఎక్కువ సమయం ఇస్తే చాలామందికి సరిపోతుంది. పిల్లికూతలు వినిపిస్తే మాత్రం డాక్టరు చూడాలి.

ఇక్కడే చాలామందికి తెలిసిన 'మెడ సూత్రం' గురించి ఒక మాట. లక్షణాలు మెడకు పైనే ఉంటే (ముక్కు కారడం, తుమ్ములు, కాస్త గొంతునొప్పి) తేలికపాటి వ్యాయామం ఫరవాలేదు, మెడ కిందకి దిగితే (ఛాతీలో దగ్గు, ఒళ్ళునొప్పులు, విరేచనాలు, జ్వరం) మానేయాలి అంటుంది ఆ సూత్రం. మామూలు జలుబుకు ఇది బాగానే పనిచేస్తుంది. కోవిడ్‌కీ, ఫ్లూకీ దాన్నే పట్టుకుని వేలాడకూడదు, ఎందుకంటే అవి గొంతుతో మొదలై రెండో రోజుకు కిందకు దిగవచ్చు. జ్వరం ఉండగా వ్యాయామం అయితే ఏ సూత్రం ప్రకారమూ కుదరదు. ఒంటి ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ సెల్సియస్ పెరిగితే నాడి నిమిషానికి దాదాపు పది దెబ్బలు పెరుగుతుంది. అంటే మంచం మీద ఉండగానే గుండె నడకకు సరిపడా పని చేస్తోందన్నమాట. పారాసెటమాల్ వేసుకుని 'జ్వరం లేదు' అనుకోవడం లెక్కలోకి రాదు. మాత్ర లేకుండా కనీసం ఒక రోజు పూర్తిగా జ్వరం లేకుండా గడవాలి. ముక్కు దిబ్బడకు వాడే కొన్ని మాత్రలు వాటంతట అవే గుండె వేగాన్ని పెంచుతాయి, అదొక్కటి గుర్తుపెట్టుకోండి.

అసలు చిక్కు మూడోదానితోనే

కోవిడ్ తర్వాత దీని గురించి ప్రపంచమంతా మాట్లాడుకుంది కానీ ఇది కొత్తది కాదు. ఎంఈ/సీఎఫ్ఎస్ అనే దీర్ఘకాలిక అలసట జబ్బు ఉన్నవాళ్ళు దశాబ్దాలుగా చెబుతున్నారు, వినిపించుకున్నవాళ్ళే తక్కువ. లక్షణం ఇది: ఏదో ఒక శ్రమ చేస్తారు, అది వ్యాయామమే కానక్కర్లేదు, రెండు గంటల మీటింగు కావచ్చు, ఇల్లు సర్దడం కావచ్చు. చేసేటప్పుడు బాగానే ఉంటుంది. పన్నెండు గంటల తర్వాతో, మర్నాడో, ఎల్లుండో దెబ్బ పడుతుంది: లేవలేనంత నీరసం, ఒళ్ళంతా నొప్పి, గొంతునొప్పి మళ్ళీ వచ్చినట్టుండటం, మెదడు మొద్దుబారినట్టుండటం, నిద్రపోయినా తేరుకోకపోవడం. ఇది రోజులపాటు, ఒక్కోసారి వారాలపాటు ఉంటుంది. వైద్యులు దీన్ని పోస్ట్ ఎక్జర్షనల్ మలైజ్, కుదించి పీఈఎం అంటారు.

వీళ్ళకు 'కొంచెం కొంచెం పెంచుకుంటూ పో, అదే వస్తుంది' అనే సలహా పనిచేయదు. ప్రతి పెంపూ ఒక దెబ్బ తెస్తుంది, దెబ్బ తగిలిన ప్రతిసారీ చేయగలిగే పని కొంచెం తగ్గుతుంది. క్రమంగా వ్యాయామం పెంచే చికిత్సను ఎంఈ/సీఎఫ్ఎస్‌కు ఏళ్ళ తరబడి సిఫారసు చేసి, చివరికి 2021లో బ్రిటన్‌లోని నైస్ అనే సంస్థ తన మార్గదర్శకాల్లోంచి దాన్ని తీసేసింది. ఇదంతా మనసులో పుట్టిన భయమేనని కొట్టిపారేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 2024లో నెదర్లాండ్స్ పరిశోధకులు లాంగ్ కోవిడ్ ఉన్నవాళ్ళ చేత సైకిలు తొక్కించి, ముందూ తర్వాతా తొడ కండలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించారు. శ్రమ తర్వాత కండ కణాలు శక్తిని తయారుచేసుకునే తీరు మరింత దెబ్బతిన్నట్టు, కండకు నష్టం జరిగినట్టు సూక్ష్మదర్శిని కింద కనిపించింది. బద్ధకానికి అలాంటి గుర్తులుండవు.

ఈ స్థితిలో చేయవలసింది ఉన్న శక్తిలోపల పనులను సర్దుకోవడం. ఏ పని ఎంతసేపు చేస్తే దెబ్బ పడుతుందో కనిపెట్టి, ఆ హద్దుకు చాలా ముందే ఆగిపోవడం, పనుల మధ్య విశ్రాంతిని అలిసిపోయాక కాకుండా ముందే పెట్టుకోవడం. బాగున్న రోజున మిగిలిపోయిన పనులన్నీ చేసేయాలనిపిస్తుంది, సరిగ్గా అదే కొంప ముంచుతుంది. ఎప్పటికీ ఇంతేనా అంటే, కాదు, చాలామందిలో నెలలు గడిచేకొద్దీ హద్దు పెరుగుతుంది. దాన్ని బలవంతంగా నెట్టి పెంచలేం, అంతే.

దీనికి దగ్గరి చుట్టం ఇంకొకటి ఉంది. కొందరికి పడుకుంటే ఏమీ ఉండదు, లేచి నిలబడితే గుండె పరుగెత్తుతుంది, కళ్ళు తిరుగుతాయి. కాసేపు పడుకుని నాడి చూసుకుని, తర్వాత నిలబడి పది నిమిషాల పాటు చూస్తే, పెద్దవాళ్ళలో బీపీ పడిపోకుండా నాడి 30 దెబ్బలు లేదా అంతకంటే ఎక్కువ పెరిగితే, అది పెరిగే ఉండిపోతే, పాట్స్ అనే సమస్య కావచ్చు. టీనేజర్లలో ఆ అంకె 40. పక్కన ఎవరైనా ఉన్నప్పుడే చూసుకోండి, పడిపోయే ప్రమాదం ఉంది. పీఈఎం లేకుండా ఇది మాత్రమే ఉంటే వ్యాయామం మేలు చేస్తుంది, కానీ నిలబడి కాదు. పడుకుని చేసేవి, వెనక్కి ఆనుకుని తొక్కే సైకిలు, రోయింగ్, ఈతతో మొదలుపెట్టాలి.

మీది ఏది?

ఇక్కడే చాలామంది పొరబడతారు. వ్యాయామం చేస్తున్నప్పుడు ఎలా ఉందన్నదాన్ని బట్టి తేల్చుకుంటారు. ఆ సమయంలో ఒంట్లో అడ్రినలిన్ ఉంటుంది, మళ్ళీ మొదలుపెట్టామన్న ఉత్సాహం ఉంటుంది. దాని మాట నమ్మకండి. తీర్పు తర్వాతి రెండు రోజుల్లో వస్తుంది. అందుకే మొదటి రోజు అతి తక్కువ చేసి (పదీ పదిహేను నిమిషాల నింపాది నడక చాలు) తర్వాతి రెండు రోజులు ఏమీ పెంచకుండా గమనించండి. మర్నాడు మామూలుగా లేచారా, కాళ్ళు కొంచెం పట్టేసినా బుర్ర తేటగా ఉందా, అయితే మొదటి రకమే, ముందుకు పోవచ్చు. ఛాతీ, లయ, స్పృహ సంగతులు కనిపిస్తే రెండోది కాదని డాక్టరు తేల్చేదాకా ఆపేయాలి. రెండో రోజున జబ్బు తిరగబెట్టినట్టు అనిపించి, ఇంకోసారి తక్కువ పనికి కూడా అదే జరిగితే మూడోదని అనుమానించాలి. ఒక్కసారి జరిగినంత మాత్రాన పీఈఎం అని ముద్ర వేసుకోనక్కర్లేదు, సరిగ్గా నిద్రపోని రోజున కూడా అలా అనిపించవచ్చు.

దీనికి చేతికి పెట్టుకునే స్మార్ట్‌వాచ్ కొంతవరకే సాయం చేస్తుంది. అది చూపించే కేలరీలు, ఫిట్‌నెస్ వయసు, వరసగా ఎన్ని రోజులు చేశారో లెక్క, వీటినన్నిటినీ ఈ కొన్ని వారాలు ఆఫ్ చేసేయండి. ఆ వరస తెగిపోతుందేమోనని జ్వరంతో పరిగెత్తేవాళ్ళు ఉన్నారు, పాపం. పనికొచ్చేది ఒకటే: పొద్దున లేవగానే, మంచం దిగకముందు నాడి. అది మీ మామూలు అంకె కంటే ఏడెనిమిది, పది దెబ్బలు ఎక్కువ ఉంటే ఆ రోజు వదిలేయండి.

మొదలుపెట్టేటప్పుడు

2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కోవిడ్ తర్వాత వ్యాయామం గురించి ఒక పద్ధతి వచ్చింది. లక్షణాలన్నీ పోయాక ఏడు రోజులు ఆగడం, తర్వాత కనీసం రెండు వారాలు చాలా తేలికపాటి కదలికలు, ఆ తర్వాత మెట్లు మెట్లుగా, ఒక్కో మెట్టు మీద కనీసం ఏడు రోజులు. ముక్కు కారే జలుబుకు ఇంత అక్కర్లేదు, ఇది ఎవరికైనా అర్థమవుతుంది. వారం పది రోజులు గట్టిగా పడకేసిన ఫ్లూకైనా, కోవిడ్‌కైనా, డెంగీకైనా మాత్రం నా దృష్టిలో ఇది అతి జాగ్రత్త కాదు. కష్టాన్ని కొలవడానికి అందులో బోర్గ్ స్కేలు వాడారు. ఊరికే కూర్చోవడం 6, ఇక చేయలేనంత కష్టం 20. మొదటి వారాలు 11 దాటకూడదు. అంకెలు గుర్తుండకపోతే ఇంకో పద్ధతి ఉంది: నడుస్తూ ఫోన్లో ఆగకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. రెండేసి మాటలకు ఊపిరి తీసుకుంటున్నారంటే వేగం ఎక్కువైనట్టు.

అంతకుముందు క్రమం తప్పకుండా చేసేవాళ్ళకు ఒక లెక్క పనికొస్తుంది. కాలేజీ క్రీడాకారులు విరామం తర్వాత తిరిగొచ్చినప్పుడు వాడమని 2019లో అమెరికాలోని కోచ్‌ల సంఘాలు చెప్పినది: మామూలుగా చేసేదాంట్లో మొదటి వారం 50 శాతం తగ్గించి, రెండో వారం 30, మూడో వారం 20, నాలుగో వారం 10 శాతం తగ్గించి చేయాలి. విరామం తర్వాతి తొలి రెండు వారాల్లోనే తీవ్రమైన ప్రమాదాలు ఎక్కువగా జరుగుతాయి కాబట్టి ఈ నియమం పెట్టారు. అందులో ఒకటి కండరాలు పగిలి వాటిలోని పదార్థం రక్తంలోకి చేరడం, రాబ్డోమయోలిసిస్. ఫ్లూ లాంటి వైరస్‌ల తర్వాత దీని ముప్పు ఇంకా ఎక్కువ. భరించలేని కండరాల నొప్పితో పాటు మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే నీళ్ళు తాగి పడుకోవడం కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, కిడ్నీలు దెబ్బతింటాయి.

పెంచేటప్పుడు ముందు సమయం, తర్వాత వారంలో రోజులు, అన్నిటికంటే చివర వేగం లేదా బరువు. రెండు ఒకేసారి పెంచితే, తేడా వచ్చినప్పుడు దేనివల్ల వచ్చిందో తెలియదు. బరువులు ఎత్తేవాళ్ళు సగం బరువుతో మొదలుపెట్టి, ఇంకో నాలుగైదు సార్లు ఎత్తగలనని తెలుస్తుండగానే ఆపేయాలి. ఊపిరి బిగపట్టి ఎత్తడం మొదటి వారాల్లో వద్దు. పోయిన కండ మొదటిసారి పెంచుకున్నప్పటి కంటే తొందరగా వస్తుంది, అదొక ఊరట, కానీ కండను ఎముకకు కలిపే స్నాయువులకు (టెండన్లకు) అంత వేగం లేదు. ఊపిరి, గుండె కోలుకున్నాయని పాత దూరం పరిగెత్తితే మడమ వెనకో, మోకాలి కిందో పట్టుకునేది అందుకే. పెద్ద వయసు వాళ్ళకు, బాగా చిక్కిపోయిన వాళ్ళకు కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేవడం, కూర్చోవడం కంటే మంచి మొదటి వ్యాయామం నాకు తెలియదు. తిండిలో ప్రొటీన్ చాలినంత లేకపోతే ఇదంతా చేసినా కండ పట్టదు. కోలుకునే రోజుల్లో కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా అని చెబుతారు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరును అడిగే తినాలి.

నాలుగు వారాలు ఇలా చేసినా మొదటి వారానికీ నాలుగో వారానికీ తేడా ఏమీ లేకపోతే ఇంకా గట్టిగా చేయడం పరిష్కారం కాదు. రక్తహీనత, థైరాయిడ్, షుగర్, బీ12 లోపం, జబ్బు తర్వాత వచ్చే డిప్రెషన్, ఇవన్నీ ఇదే వేషంలో వస్తాయి, అన్నిటికీ వైద్యం ఉంది. కోవిడ్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, జబ్బు మొదలైన మూడు నెలలకు కనిపిస్తూ, కనీసం రెండు నెలలు ఉండి, వేరే కారణం దొరకని లక్షణాలను లాంగ్ కోవిడ్‌గా లెక్కిస్తారు. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు రెండు వారాల కాగితం ఒకటి పట్టుకెళ్ళండి: ఏ రోజు ఏం చేశారు, మర్నాడు పొద్దున నాడి ఎంత, నీరసం ఎన్ని గంటల తర్వాత మొదలై ఎన్నాళ్ళుంది. ఉత్తినే 'ఓపిక లేదండీ' అంటే టానిక్ రాసి పంపించే అవకాశమే ఎక్కువ.